ఆషాఢంలో రెండు రింగులు

మంచం ఎంత ఎత్తుగా ఉందంటే, ఎక్కడానికి పక్కన రెండు మెట్ల చెక్కపీట ఒకటి వేసి ఉంచారు. నేను మూడుసార్లు ఎక్కి, మూడుసార్లు దిగాను.

"ఇంక చాలు హైమా, ఆ పీట ఊడి చేతికొస్తుంది," అని మా ఆయన నవ్వారు.

పెళ్ళయి పదకొండు వారాలు. నవ్వితే ఆయన ఎడమ బుగ్గన మాత్రమే సొట్ట పడుతుంది. అది రోజుకెన్నిసార్లు పడుతుందో నేనింకా లెక్కపెట్టుకుంటున్న రోజులవి.

2007 జూలై. హాంప్‌షైర్‌లో థార్న్‌కూంబ్ అనే ద్రాక్షతోటకు వచ్చాం. మూడు వందల ఏళ్ళనాటి ఎర్ర ఇటుకల ఇల్లు. వెనక కొండవాలు నిండా ద్రాక్షతీగలు. కొండ లోపల సుద్దరాయిని తొలిచి కట్టిన వైన్ సెల్లార్. మేముండే స్లౌ ఊళ్ళో మా ఆయన ఆఫీసువాళ్ళు పెళ్ళికానుకగా మూడు రాత్రుల వోచర్ ఇచ్చారు. గదిలో కాగితంలో చుట్టిన బుల్లి సబ్బులు, కెటిల్ పక్కన గాజుసీసాలో బిస్కట్లు, కిటికీలోంచి చూస్తే గోడమీద ఒక నెమలి. ఇంగ్లండులో నెమలి! నేను ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను.

అయితే మేం జూలైలోనే రావడానికి కారణం వోచర్ కాదు, ఆషాఢం.

మా అత్తగారు నాగేశ్వరిగారు నన్ను కాపరానికి దించడానికని మూడు నెలల వీసా మీద భీమవరం నుంచి నాతోనే వచ్చారు. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటకూడదు. అక్కడైతే పిల్ల పుట్టింటికి వెళ్ళిపోతుంది. నా పుట్టిల్లు తణుకు. స్లౌ నుంచి నెలరోజులకు తణుకు పంపించడం కుదరదు గనక, ఆవిడ భీమవరం పంతులుగారికి ఫోన్ చేసి ఒక సర్దుబాటు సంపాదించారు. మూడు నిద్రలు బయట చేసి వస్తే నెల గడిచినట్టే లెక్కట.

"మొగుడూపెళ్ళాలు కూడా విడిగా ఉండాలంటారుగా అమ్మా?" అని మా ఆయన ఆటపట్టించారు.

"ఆషాఢంలో నెల తప్పితే ఎండాకాలంలో పురుడొస్తుందని పెట్టారా మాట. మీ దేశంలో ఎండెక్కడేడిసింది? అది వదిలెయ్. గడప మాత్రం గడపే," అన్నారావిడ. నేను సిగ్గుతో వంటింట్లోకి పారిపోయాను.

ఆవిడని ఒంటరిగా వదిలి వెళ్ళాలంటే ఆయనకి మనసొప్పలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టారు. రోజుకు మూడుసార్లు, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి, ఆవిడ ఇంటి ఫోన్ నుంచి ఆయన మొబైల్‌కి రెండు రింగులిచ్చి పెట్టెయ్యాలి. తిన్నాను, మాత్ర వేసుకున్నాను, బాగున్నాను అని దానర్థం. మేం ఎత్తకూడదు. భీమవరంలో సగం ఊరు ఇలాగే మాట్లాడుకుంటుంది కాబట్టి ఆవిడకి కొత్తేమీ కాదు.

"ఇంట్లో ఫోన్ మోగితే మాత్రం ఎత్తకమ్మా. అన్నీ ఏవో అమ్మేవాళ్ళవే ఉంటాయి, ఇంగ్లీషులో నిన్ను కంగారు పెడతారు. తలుపు ఎవరు కొట్టినా తియ్యకు. ఎవరైనా సరే," అని ఆయన బయల్దేరేముందు ఆరుసార్లు చెప్పారు.

"అలాగేరా ప్రసాదూ. ఎత్తను, తియ్యను," అని ఆవిడ బుద్ధిగా ఒప్పచెప్పారు.

నా దగ్గర మాత్రం ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. బుధవారం వంటింట్లో పప్పు రుబ్బుతుంటే ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి, "శుక్రవారం నాకు ఉపాసం అమ్మాయ్. దీపం పెట్టేదాకా మంచినీళ్ళే. వాడితో అనకు, షుగరూ అదీ అని కేకలేస్తాడు," అన్నారు.

"మరి మాత్ర అత్తయ్యగారూ?"

"మాత్ర మామూలే. అది మందు గానీ తిండి కాదుగా!"

నాకు నవ్వొచ్చింది. అంతకంటే ఎక్కువగా సంతోషమేసింది. అత్తగారు నన్ను నమ్మి రహస్యం చెప్పారు! బీకాం చదివినదాన్ని, ఖాళీ కడుపున షుగర్ మాత్ర ఏం చేస్తుందో అడగాలని కూడా తోచలేదు. చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

థార్న్‌కూంబ్‌లో మొబైల్ సిగ్నల్ లేదు. ఇల్లు లోయలో ఉంది. కొండపైన, తీగల వరసలు అయిపోయేచోట ఒక రాతి బల్ల ఉంది. అక్కడ నిలబడితే రెండు గీతలు కనిపిస్తాయి. గురువారం సాయంత్రం ఆరింటికి అక్కడికెక్కాం. రెండు రింగులు మోగి ఆగిపోయాయి. శుక్రవారం ఉదయం తొమ్మిదికి సన్నటి వానలో గొడుగు కింద మళ్ళీ ఎక్కాం. మళ్ళీ రెండు రింగులు. తడిసిన ఆకుల మధ్య ద్రాక్షలు మిరియపు గింజలంత ఉన్నాయి, పచ్చగా, గట్టిగా. నేనొకటి కొరికి మొహం చిట్లిస్తే ఆయన బుగ్గన సొట్ట పడింది. అంతకంటే మంచి ఉదయం నాకు తెలియదు.

పది దాటాక వాన పెద్దదైంది. కిటికీలోంచి చూస్తే నెమలి లేదు, గోడ కూడా సరిగ్గా కనిపించలేదు.

పన్నెండింటికి ఇంటామె మిసెస్ ఆల్డ్రిడ్జ్ మమ్మల్ని సెల్లార్‌లోకి తీసుకెళ్ళింది. డెబ్బై ఏళ్ళుంటాయి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, గొంతు మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌ది. లోపల చలి. పొడవాటి చెక్క చట్రాలకి కన్నాలు, ప్రతి కన్నంలో తలకిందులుగా ఒక సీసా. బుడగల వైన్ ఇక్కడ సీసాలోనే పులుస్తుందట. అడుగున చేరిన మడ్డి మూతి దగ్గరకి జారడానికి ప్రతి సీసానీ రోజుకి పావువంతు తిప్పుతారట, చేత్తోనే, వారాల తరబడి. గాలి పీలిస్తే రెండోరోజు ఇడ్లీపిండి వాసన. ఆ మాట చెబితే ఆమెకి ఇడ్లీ అంటే ఏమిటో తెలియకపోయినా ఎంతో సంతోషించి, "అయితే నీ చేతికి ఈ పని తెలుసన్నమాట. తిప్పు," అంది.

నేను తిప్పాను. రెండు చేతులతో రెండు సీసాలు, చిన్న కుదుపు, పావు చుట్టు. టక్, టక్. ఒక వరస, ఇంకో వరస. ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఆయన నా భుజం తట్టి, "నువ్వు తిప్పుకో, నేను పైకెళ్ళొస్తా," అని గొడుగు తీసుకున్నారు. నేను తలెత్తకుండానే ఊఁ అన్నాను.

ఆయన తిరిగొచ్చేసరికి ఒకటీ ఇరవై అయింది. గొడుగు తిరగబడి ఊచలు బయటికొచ్చాయి. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"రాలేదు," అన్నారు.

"ఆలస్యమై ఉంటుంది."

"అమ్మకా? గడియారంకంటే రెండు నిమిషాలు ముందుంటుంది అమ్మ. ఈ వానకి సిగ్నల్ పోయుండాలి. ఒక గీత ఉంది, పోయింది, మళ్ళీ వచ్చింది."

మిసెస్ ఆల్డ్రిడ్జ్ మమ్మల్ని ఆఫీసుగదికి తీసుకెళ్ళి అక్కడి ఫోన్ ముందుకు జరిపింది. ఆయన మా ఇంటి నంబర్ తిప్పారు. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశారు.

"ఎత్తదు," అని రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకుని అన్నారాయన. "నేనే ఎత్తొద్దన్నాను. బాగున్నా ఎత్తదు, బాగాలేకపోయినా ఎత్తదు. పడుకుని ఉంటుందిలే. అన్నం తిని కాస్త నడుం వాల్చి ఉంటుంది. కదా?"

నన్నే అడిగారు. అన్నం తిని, అన్నారు.

నా చేతులకి సెల్లార్ చలి ఇంకా వదల్లేదు. చెప్పకపోతే ఆయన కాసేపటికి సర్దుకుంటారు, ఆరింటి దాకా చూద్దామంటారు. చెబితే, అత్తగారు నన్ను నమ్మి చెప్పిన మొట్టమొదటి మాట పోతుంది, ఆయన నన్ను చూసే చూపూ పోతుంది. ఫోన్ ఇంకా మోగుతోంది. ఆ చప్పుడు నాకు కూడా వినిపిస్తోంది.

"ఆవిడ అన్నం తినలేదండీ. ఇవాళ శుక్రవారం. ఉపవాసం. మాత్ర మాత్రం వేసుకుని ఉంటారు," అన్నాను.

ఆయన రిసీవర్ కింద పెట్టారు. "నీకెప్పుడు తెలుసు?"

"బుధవారం."

"బుధవారం," అన్నారు. అంతే. ఆ మొహం నేనంతవరకూ చూడలేదు.

ఏం జరిగిందని మిసెస్ ఆల్డ్రిడ్జ్ అడిగింది. ఆయనకి ఇంగ్లీషు రావడం మానేసింది, నేనే చెప్పాను. షుగరు, మాత్ర, ఖాళీ కడుపు. ఆమె రెండో మాట అడక్కుండా అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చేసింది. పంపిస్తామన్నారు, కానీ అన్నిచోట్లా నీళ్ళు, ఎప్పటికి చేరతారో చెప్పలేమన్నారు. ఈలోపు మా ఆయన మా కింద ఫ్లాట్‌లో ఉండే ప్రేమలీల ఆంటీకి చేశారు. నరసాపురం ఆవిడ, ముసలివాళ్ళ కేర్‌హోమ్‌లో నర్సు. మొన్ననే కేక్ తెచ్చిస్తే మా అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి, "గుడ్డేశారా?" అని అడిగి వెనక్కి పంపేశారు. ఫోన్ పలకలేదు. డ్యూటీలో ఉంటే లాకర్లో పెడుతుంది. ఆయన మెసేజ్ చెప్పి పెట్టేశారు.

బట్టలు సర్దలేదు. ఒకటీ నలభైకి కారెక్కాం. మిసెస్ ఆల్డ్రిడ్జ్ వానలో తడుస్తూ కారు వెంట నాలుగడుగులు నడిచి, కిటికీలోంచి గదిలోని బిస్కట్ల సీసా నా ఒళ్ళో పడేసింది. "పంచదార! ఆమెకి!" అని అరిచింది. స్లౌ అక్కడికి యాభై మైళ్ళు.

ఇరవై మైళ్ళు వెళ్ళాం. వైపర్లు ఎంత వేగంగా ఆడినా అద్దంలో ఏమీ కనిపించదు. నేను ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మూడు గీతలున్నాయి ఇప్పుడు, మోగదే. ఏదో ఒకటి అనాలని, "ఏవండీ," అన్నాను.

"ఇప్పుడొద్దు హైమా."

రెండున్నరకి ఒక రైలు వంతెన దగ్గర ఆగిపోయాం. వంతెన కింద రోడ్డు లేదు, గోధుమరంగు నీళ్ళున్నాయి. పసుపు కోటు వేసుకున్న పోలీసు ఒకాయన ఒక్కొక్క కారునీ వెనక్కి తిప్పిస్తున్నాడు. మా ముందు ముప్పై కార్లున్నాయి. ఆయన స్టీరింగ్ మీద నుదురు ఆనించారు.

అప్పుడు మోగింది. ప్రేమలీల ఆంటీ.

"హైమా! డ్యూటీ దిగి మెసేజ్ విన్నానమ్మా, పరిగెత్తుకొచ్చాను. మీ తలుపు దగ్గరే ఉన్నా. తలుపుకున్న లెటర్‌బాక్స్ కంత రేకు ఎత్తి చూస్తున్నాను. తలుపుకి రెండడుగుల్లో, ఫోన్ బల్ల పక్కన నేలమీద కూర్చుంది మీ అత్తగారు. గోడకి జేరబడింది. చెమటలు కారిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది."

నేను స్పీకర్ నొక్కాను. "తలుపు తియ్యమనండాంటీ!"

"చెప్పకుండా ఉంటానా? మావాడు తియ్యొద్దన్నాడు అంటోంది. నాలుగుసార్లు అదే మాట. జ్యూస్ పౌచ్ ఒకటి లోపలికి తోశాను, సరిగ్గా ఒళ్ళో పడింది. ముట్టుకోనంటోంది. దీపం పెట్టలేదంట."

"అంబులెన్స్?"

"దారిలో ఉందన్నారు. నేను ఇలాంటివి చాలా చూశాను తల్లీ. ఇంకో పావుగంట ఇలాగే ఉంటే స్పృహ తప్పుతుంది. అప్పుడు నోట్లో ఏదీ పొయ్యలేం."

ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "ఆంటీ, లోపలికి వినపడేలా పెట్టండి. అమ్మా! ఆ జ్యూస్ తాగు! ఉపాసం లేదు, ఏమీ లేదు, తాగు! నేను చెబుతున్నా!"

వాన చప్పుడు. తరవాత ఎక్కడో దూరం నుంచి ఆవిడ గొంతు, నిద్రలో మాట్లాడుతున్నట్టు. "ప్రసాదూ... ఫోను మోగిందిరా. చాలాసార్లు మోగింది. నువ్వు ఎత్తొద్దన్నావుగా. ఎత్తలేదు."

ఆయన ఫోన్ పట్టుకున్న చెయ్యి తొడమీదకి వాలిపోయింది.

నేను ఫోన్ తీసుకున్నాను. ఆవిడ వినే మాటలు రెండే ఉన్నాయి. ఒకటి కొడుకు చెప్పింది, అది ఇప్పుడు మాకే అడ్డం నిలబడింది. రెండోది పంతులుగారు చెప్పింది.

"అత్తయ్యగారూ, నేను హైమని. తలుపు బయటే ఉన్నాను."

"...హైమా?"

"అవునండీ. మీ ఒళ్ళో ఉన్నది తాగండి."

"దీపం..."

"మీరు తాగకపోతే నేను తాళం తీసి లోపలికొచ్చేస్తాను. ఇదిగో, తాళం చెవి తీశాను."

లోపల ఏదో కదిలిన చప్పుడు. "వద్దు! ఆషాఢం అమ్మాయ్! ఒక్క నిద్రే అయింది!"

"అందుకే అడుగుతున్నాను. కుడికాలు ఎత్తాను అత్తయ్యగారూ. గడప మీద పెట్టేస్తున్నాను."

"పెట్టకు! పెట్టకు, నీ పుణ్యముంటుంది!"

"అయితే స్ట్రా గుచ్చండి."

కారులో నా కుడికాలు నిజంగానే గాల్లో లేచి ఉంది. ఆయన నా కాలినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ముందున్న కారు కదిలింది, ఆయన కదిలించలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

"తీసుకుంది," ప్రేమలీల ఆంటీ ఊపిరి బిగబట్టి చెబుతోంది. "గుచ్చడానికి చూస్తోంది... చెయ్యి వణుకుతోంది... జారింది. మళ్ళీ... గుచ్చింది. నోట్లో పెట్టుకుంది. తాగుతోంది, హైమా. తాగుతోంది!"

"అయిందా?"

"అయింది. ఇంకోటి తోస్తున్నా."

"అత్తయ్యగారూ, కాలు ఇంకా ఎత్తే ఉంచాను. రెండోది కూడా."

రెండోది తాగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నా కాలు తిమ్మిరెక్కింది గానీ దించబుద్ధి కాలేదు. తరవాత మరో పది నిమిషాలకి ఆవిడ గొంతు స్పష్టంగా, కాస్త చిరాగ్గా వినిపించింది. "ఎవరండీ ఆ కంతలోంచి చూసేది? కేకు ఆవిడా?"

ప్రేమలీల ఆంటీ ఏడుస్తూ నవ్వింది. నేను కాలు దించాను. ఆయన కారు ముందుకి తీశారు. కాసేపయ్యాక గేరు మీంచి చెయ్యి తీసి నా మోకాలి మీద పెట్టారు.

మూడుచోట్ల దారి మార్చుకుని స్లౌ చేరేసరికి ఆరున్నర. వాన వెలిసింది, మెట్లమీద ఇంకా వెలుతురుంది. అంబులెన్స్‌వాళ్ళు వచ్చి, రక్తం చూసి, జామ్ రాసిన బ్రెడ్డు తినిపించి, ఇంకో గంట చూసుకోమని ప్రేమలీల ఆంటీకి అప్పగించి వెళ్ళారట. వాళ్ళకి తలుపు తీసింది అత్తగారేనట. తలుపు బార్లా తెరిచి ఉంది. హాల్లో కుర్చీలో కూర్చున్నారావిడ, జుట్టు తడిదువ్వెనతో దువ్వుకుని, బొట్టు పెట్టుకుని.

ఆయన లోపలికెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. నేను బయట మెట్లమీదే ఆగిపోయాను. పరిగెత్తి వెళ్ళి ఆవిడని పట్టుకోవాలనుంది. నా చెప్పులు గడపకి జానెడు దూరంలో ఉన్నాయి.

"నువ్వప్పుడు తలుపు బయట లేవు కదూ," అన్నారావిడ నన్ను చూసి.

"లేనండీ."

"ఎక్కడున్నావు?"

"కారులో. నీళ్ళ మధ్యలో."

"కాలు?"

"కాలు మాత్రం నిజంగానే ఎత్తానండీ."

ఆవిడ కొడుకు నెత్తిమీద చిన్నగా మొట్టారు. "దాన్నేమన్నా అన్నావా?"

ఆయన తల వంచుకున్నారు.

"చెప్పొద్దన్నది నేను. మాటిచ్చింది, నిలబెట్టుకుంది. తప్పాల్సినప్పుడు తప్పింది. దానిమీద కేకలేస్తే ఊరుకోను. నువ్వేగా ఫోనెత్తకు, తలుపు తియ్యకు అని నన్ను సీసాలో పెట్టి బిరడా కొట్టి వెళ్ళావు?"

"ఇంక శుక్రవారాలు మానేస్తావా?"

"మానను. మాత్ర సంగతి ఈ ప్రేమలీలగారు డాక్టర్ని అడిగి చెబుతానన్నారు. అప్పటిదాకా అమ్మవారికి అరటిపండు తిని దణ్ణం పెడతాలే."

ప్రేమలీల ఆంటీ వంటింట్లోంచి ప్లేట్లతో వచ్చింది. బుధవారం రుబ్బిన పిండి, బాగా పులిసింది, ఇడ్లీలు తెల్లగా పొంగి ఉన్నాయి. ఆవిరి వాసన తగలగానే సెల్లార్, ఆ చలి, టక్ టక్‌మన్న సీసాలు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిస్కట్ల సీసా ఇంకా నా చంకలోనే ఉంది.

"లోపలికి రా హైమా, ఇంకేం ఆషాఢం," అన్నారు మా ఆయన.

"ఆగక్కడ!" అత్తగారు చెయ్యెత్తారు. "ఒక్క నిద్రే అయింది. ఇంకా రెండున్నాయి. ఆ ఎస్టేటు కాకపోతే కింద ప్రేమలీలగారి ఇల్లుంది, ఆవిడ సరేనన్నారు. నువ్వూ వెళ్ళరా ప్రసాదూ, మంచం ఒక్కటేనట, సర్దుకోండి."

ఆవిడ కుర్చీ గడప దాకా ఈడ్పించుకున్నారు. నేను బయట పైమెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ వంగి, ఇడ్లీ ప్లేటు గడప మీదుగా నా చేతికిచ్చారు. నేను బిస్కట్ల సీసా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి, కానీ వణకడం లేదు. ఒక్క క్షణం ఆ వేళ్ళు వదల్లేదు నేను.

"తిను ముందు," అన్నారావిడ. "తింటూ చెప్పు, ఆ తోటలో ఏం చూశావు?"

"నెమలి ఉందండీ అత్తయ్యగారూ. మంచం ఎక్కడానికి మెట్లున్నాయి."

"మంచానికి మెట్లా!" ఆవిడ నోరు తెరిచారు. ఆవిడ వెనక, మా ఆయన ఎడమ బుగ్గన సొట్ట పడింది.